మీర్‌పేట్‌లో యాదగిరి ఇంటి రెయిలింగ్

మెట్రో రైలు ఎల్బీనగర్ నుంచి నడవడం మొదలైన మరుసటి వేసవిలో, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఆర్కిటెక్టు ఆఫీసులో నేను సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఆ ఏప్రిల్‌లో మీర్‌పేట్‌లో కడుతున్న ఒక ఇంటికి ముందు వరండా రెయిలింగ్ గీసే పని నాకు అప్పగించారు. ఇంటి యజమాని పేరు యాదగిరి, వృత్తి ఇనుప పని. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా నేను గీసిన రెయిలింగులు, గేట్లు, కిటికీ గ్రిల్స్ దాదాపు అన్నీ తయారుచేసి బిగించింది ఆయనే.

ఆడవాళ్లు చేసినా ఆ హోదా పేరు డ్రాఫ్ట్స్‌మనే. నేను ట్రేసర్‌గా చేరాను. అంటే పై వాళ్లు గీసిన బొమ్మను పల్చటి కాగితం మీద ఇంకుతో దిద్దే పని. తర్వాత జూనియర్‌నయ్యాను, ఆ తర్వాత డ్రాఫ్ట్స్‌మన్, చివరికి సీనియర్. ఆఫీసు యజమాని అయిన ఆర్కిటెక్టును అందరం సార్ అనేవాళ్లం. సార్ చేత్తో వేసిచ్చిన ఊహాచిత్రాన్ని కొలతల ప్రకారం ప్లానుగా, ఎలివేషన్‌గా మార్చడం నా పని. ఎలివేషన్ అంటే వీధిలో నిలబడితే కనబడే ఇంటి ముఖం. అది మున్సిపాలిటీలో మంజూరయ్యాక తలుపులకు, మెట్లకు, రెయిలింగులకు విడివిడిగా పెద్ద కొలతలో డ్రాయింగులు గీసి పనివాళ్లకు పంపేవాళ్లం.

ఇంటి ముందు నిలబడిన మనిషికి మొదట కనిపించేది రెయిలింగే. నిర్ణయించేటప్పుడు మాత్రం అన్నిటికంటే చివర. అప్పటికి యజమాని సిమెంటుతోను, మేస్త్రీలతోను విసిగిపోయి ఉంటాడు. పక్కింటి రెయిలింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి అలాంటిదే వేయమంటాడు. ఆ పక్కిల్లు నిలువుగా రెండంతస్తులుంటుంది, ఇతనిది అడ్డంగా పరుచుకున్న ఇల్లు. కిటికీలకు అప్పటికే పూల గ్రిల్ ఉంటే రెయిలింగ్‌కు ఇంకో పూల డిజైను వేయకూడదనీ, ఇంటి ముఖంలో ఉన్న గీతల్లో ఏదో ఒకదానికి రెయిలింగ్ చుట్టమై ఉండాలనీ నేను చెప్పేదాన్ని. కొందరు వినేవారు. ఆఫీసులో రెయిలింగ్ అనగానే మేడంకివ్వండి అనే మాట అలా వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నేను గీసిన రెయిలింగులు బిగించాక ఎలా ఉన్నాయో నేను చూసింది చాలా తక్కువ. మా ఆఫీసులో సైటుకు వెళ్లేది సూపర్‌వైజర్. పని పూర్తయిందని ఆయన సంతకం చేసిన కాగితం వస్తే నేను ఫైలులో పెట్టేదాన్ని. పొద్దున వనస్థలిపురంలో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం, సాయంత్రం అదే దారిలో తిరిగి వెళ్లడం. చాలాకాలం తర్వాత స్కూటర్ కొన్నా అదే దారి. నాకు తెలిసిన ఇళ్లన్నీ కాగితం మీదివే.

యాదగిరిది నల్లగొండ దగ్గర ఒక పల్లె. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు పక్క సందులో ఆయన రేకుల షెడ్డు ఉండేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. డ్రాయింగ్ మడత విప్పుకుంటూ మా మెట్లెక్కి వచ్చి, "మేడం, గీ కమ్మి గాలిల ఎట్ల నిలబడతది? కింద జర ఆధారం చూపెట్టుండ్రి" అని పేచీ పెట్టేవాడు. నేను తగ్గేదాన్ని కాదు. ఇద్దరం వాదించుకున్నాక సార్ నవ్వుతూ తీర్పు చెప్పేవారు. మా మధ్య ఉన్నది అంతే, అయినా అది ఇరవై ఆరేళ్లపాటు ఉంది.

ఆ ఏప్రిల్‌లో ఆయన ఇంటి ఎలివేషన్‌ను ముందు పెట్టుకుని మూడు రకాల రెయిలింగులు గీశాను. ఒక్క అంతస్తు ఇల్లు. వానాకాలంలో ఆ కాలనీలో నీళ్లు నిలుస్తాయని పునాది ఎత్తు పెంచారు. అందువల్ల వరండా నేల వీధి కంటే మూడున్నర అడుగులు పైన ఉంది, ఆరు మెట్లు. అంత ఎత్తున్న వరండాకు అడ్డు లేకుండా గృహప్రవేశం చేయడం ప్రమాదం. ముహూర్తానికి నెలన్నరే ఉంది.

యాదగిరి వచ్చాడు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపాడు. "మంచిగున్నయి మేడం" అన్నాడు. ఏది అని అడిగాను. "మూడు మంచిగనే ఉన్నయి."

నా డ్రాయింగులో తప్పు పట్టకుండా ఆయన మెట్లు దిగడం అదే మొదటిసారి. వారం తర్వాత మళ్లీ వచ్చి అదే మాట అన్నాడు. ఊళ్లోవాళ్ల ఇళ్లకు అంత పట్టింపు ఉన్న మనిషికి సొంత ఇంటి మీద ఇంత నిర్లక్ష్యమా అని నాకు కోపం వచ్చింది. ఆ మాటే అనేశాను. ఆయన కాగితం మడిచి, "ఒకపారి నా ఎంబడి వస్తరా? మనం చేసినయి ఒకటి రెండు చూసొద్దాం. చూస్తె తెలుస్తది గద" అన్నాడు.

సార్‌ను అడిగితే, "సైటుకు మీరెందుకమ్మా, సూపర్‌వైజర్ ఉన్నాడుగా" అన్నారు. వెళ్తానని పట్టుబట్టాను. ఆఫీసు వేళలో బయటికి వెళ్లేవాళ్లు ఎక్కడికి, ఎందుకు అని రాసే మూవ్‌మెంట్ రిజిస్టర్ ఒకటి ఉండేది. అందులో నా పేరు రాసుకోవడం నాకే కొత్తగా అనిపించింది.

కిందికి వచ్చాక యాదగిరి మోపెడ్ కనబడలేదు. "అమ్మేసిన మేడం. మోకాళ్లు నొస్తున్నయి" అన్నాడు. చేసేది లేక నా స్కూటర్ వెనక కూర్చోమన్నాను. ఆయన సంచీ ఒకటి మా మధ్య పెట్టుకుని, సీటు వెనక కడ్డీ పట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు.

మొదట వెళ్లింది కొత్తపేటకు. పండ్ల మార్కెట్ అప్పటికింకా అక్కడే ఉంది. మామిడి లారీలు వరసగా నిలబడి, సందుల దాకా వాసన కొడుతోంది. ఒక ఇంటి ముందు ఆపమన్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరైన టీచర్ సుభద్రమ్మ గారి ఇల్లు అది. వరండా రెయిలింగ్ చూడగానే గుర్తుపట్టాను. సగం సూర్యుడు, చుట్టూ కిరణాలు. పదిహేనేళ్ల కిందట మూడు రోజులు కూర్చుని గీసిన డిజైను. పొద్దుటి ఎండకు దాని నీడ నేల మీద పడి, వరండా అంతా కిరణాలు పరిచినట్టుంది. నీడ పడుతుందన్న ఊహే నాకు గీసేటప్పుడు రాలేదు.

తర్వాత మెట్ల వైపు చూశాను. పైన వెడల్పాటి పట్టీ వేయమని నేను గీశాను. ఇక్కడ గుండ్రటి పైపు ఉంది. మెట్లు దిగేటప్పుడు కుడిచేతి వైపు రెయిలింగ్ చూపించాను. ఇక్కడ ఎడమ వైపు ఉంది. పైగా అది చివరి మెట్టు దగ్గర ఆగకుండా మరో అడుగు ముందుకు సాగింది.

"ఇది నేను గీసింది కాదే" అన్నాను.

యాదగిరి రెయిలింగ్ మీద చెయ్యి ఆనించుకుంటూ మెట్ల దాకా నడిచాడు. సుభద్రమ్మ గారు మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి, నేను ఆఫీసు మనిషినని తెలిసి సంబరపడ్డారు. "ఇల్లు కట్టేనాటికే మా వారికి కుడిచెయ్యి పడిపోయిందమ్మా. కొలతలకొచ్చిన రోజున ఆయన గోడ పట్టుకుని పక్కకి తిరిగి దిగడం యాదగిరి చూశాడు. పట్టీ అయితే గుప్పెట్లో ఇమడదు, పైపు వేస్తానన్నాడు. ఎడమ పక్కకి మార్చాడు. పోయే ముందు రోజు దాకా మా వారు ఈ పైపు పట్టుకునే గేటు దాకా వెళ్లి పేపరు తెచ్చుకున్నారు" అన్నారు.

ఆమెకు తలూపి మజ్జిగ తాగాను. రైతుబజారు దగ్గర స్కూటర్ పక్కకు ఆపి, "ఇలా ఎన్ని ఇళ్లలో మార్చారు?" అని అడిగాను.

"లెక్క తెల్వది మేడం. శానా ఇండ్లల్ల."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు చెప్పాలనిపించలేదా? ఆఫీసుకొచ్చి వాదించేవారు కదా. అదంతా నాటకమా?"

"కమ్మి నిలబడదంటె మీరు వింటరు. మీ డ్రాయింగు ఇంట్లోళ్లకు సరిపడదంటె ఎట్ల చెప్పాలె? చెప్తె మీ సార్ ఇంకో వెల్డర్‌ను చూసుకుంటడనుకున్న." ఆయన గొంతు తగ్గింది. "ఇంకోటి ఉన్నది మేడం. గది చూసినంక తిట్టుండ్రి."

రెండో ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ వెనక, సరూర్‌నగర్ వైపు వెళ్లే సందులో. నేను డ్రాఫ్ట్స్‌మన్ అయిన కొత్తలో గీసిన రెయిలింగ్ అది. అడ్డంగా ఐదు సన్నటి పైపులు, ఇంకేమీ లేవు. ఆ రోజుల్లో అందరూ వంపులు, పూలు కోరుకునేవాళ్లు. అడ్డగీతలతో ఇల్లు వెడల్పుగా, నిదానంగా కనబడుతుందని వాదించి నేనే ఒప్పించాను. సార్ ఆ డ్రాయింగును చాలాకాలం గోడకు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ పైపుల వెనక కింది నుంచి పై దాకా ఇనుప రేకు కొట్టి ఉంది. దానికి నీలం రంగు వేశారు, అదీ పొట్టు రేగింది. ఇల్లు వెడల్పుగా కాదు, గళ్లకు అట్ట అంటించినట్టు కనబడుతోంది.

"గిది మాత్రం మీరు గీసినట్లె చేసిన" అన్నాడు యాదగిరి.

గేటు తీసిన అమ్మాయి శ్రావణి. ఆ ఇంటివాళ్ల కూతురు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుందట. యాదగిరిని చూసి నవ్వి లోపలికి రమ్మంది. గడియ వేస్తుంటే ఆమె ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతోందని గమనించాను. నా చూపు అర్థమై, మామూలుగానే చెప్పింది. "నాలుగేళ్లప్పుడు దీన్ని నిచ్చెనలా ఎక్కి అవతల పడ్డానంట ఆంటీ. రెండు ఆపరేషన్లు చేశారు. తర్వాత నాన్న రేకు కొట్టించేశారు."

ఆమె మాటలో ఎవరి మీదా నింద లేదు. దాన్ని గీసింది నేనేనని ఆ రోజు చెప్పలేకపోయాను. తర్వాతా చెప్పలేదు.

మా సూపర్‌వైజర్‌కు ఆ సంగతి అప్పుడే తెలుసని బయటికి వచ్చాక యాదగిరి చెప్పాడు. పని పూర్తయిందన్న కాగితం అప్పటికే ఫైలులోకి వెళ్లిపోయింది కాబట్టి నా దాకా రాలేదు. యాదగిరి ఆ పాపను ఆటోలో దవాఖానకు తీసుకుపోయినవాళ్లలో ఒకడు. ఎదురింట్లో గేటు బిగిస్తున్నాడట అప్పుడు. "ఆ దినం సంది, కొలతలు తీసుకునే ముందు ఇంట్ల ఎవరెవరున్నరో చూస్తున్న మేడం. పిల్లలుంటె నిలువు కమ్మిలె. నడుమ నాలుగంగుళాల కంటె ఎక్కువ ఇడుస్త లేను" అన్నాడు.

స్కూటర్ వైపు నడిచాను. వెనక చప్పుడైంది. గోడ పక్కన నిలిపిన ఒక బండి అద్దానికి యాదగిరి భుజం కొట్టుకుంది. బండి ఎర్రది, మిట్టమధ్యాహ్నం, దారి వెడల్పుగానే ఉంది. ఆయన నవ్వి, పడబోయిన బండిని సరిచేయడానికి చెయ్యి చాచాడు. హ్యాండిల్ దొరకక చెయ్యి గాలిలో ఒకసారి వెతికింది.

ఇన్నాళ్లుగా చూసినవన్నీ అప్పుడు నాకు ఒక్కచోటికి వచ్చాయి. మోపెడ్ అమ్మేయడం, కాగితాన్ని జరుపుతూ చూడడం, రెయిలింగ్ మీద చెయ్యి ఆనించి నడవడం. "కళ్లు కనబడటం లేదా యాదగిరి గారూ?" అని సూటిగా అడిగాను.

"నీటికాసులంట మేడం. ముందట ఉన్నది కనబడ్తది. పక్కలకెల్లి చీకటి కమ్ముకస్తున్నది. పోయింది మల్ల రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలె అన్నరు. దినాం చుక్కల మందు ఏస్కుంటున్న." షెడ్డులో ఎవరికీ తెలియదనీ, తెలిస్తే పనులు రావనీ అన్నాడు. ఇంట్లో భార్యకు కూడా అద్దాలు మార్చాలని మాత్రమే చెప్పాడట.

"మరి నా డ్రాయింగులు?"

"చిన్న చిన్న ముక్కలుగ కనబడ్తయి. గోడ, దర్వాజ, కిటికీ, రెయిలింగు, నాలుగు కలిసి ఎట్లున్నయో ఒక్క చూపుల దొరుకుత లేదు. ఎత్తెంత, పైపు లావెంత, అతుకు నున్నగున్నదా, గది నా చెయ్యి చెప్తది. ఇంటి మొకానికి నప్పుతదా లేదా, గది మీరె చెప్పాలె. మూడు మంచిగున్నయంటె మీరె ఒకటి పట్టుకుంటరనుకున్న."

ఆ మాటతో నా కోపం పోయింది. ఆయన ఇంటికి నేను కొలతల కాగితం చూసి గీశానే తప్ప, ఇల్లు చూడలేదు. మర్నాడే మీర్‌పేట్ వెళ్లాను.

ఇల్లు సిమెంటు పూతతో, రంగులు లేకుండా ఉంది. వరండాకు రెండు స్తంభాలు, కుడి చివర మెట్లు, నేలకు షాబాద్ బండలు. తలుపుకు ఇరుపక్కలా ఒక్కో కిటికీ. సొంత ఇంటి కోసమని, కళ్లు బాగున్న రోజుల్లోనే ఆయన చేసిపెట్టుకున్న గ్రిల్స్ వాటికి. పలకల చువ్వను వేడి చేసి చేత్తో మెలితిప్పి నిలువుగా పేర్చాడు. అలాంటి పని ఇప్పుడు చేసేవాళ్లు లేరు. ఆ మెలికల ముందు ఏ డిజైను పెట్టినా అల్లరిగా ఉంటుంది. అంటే నా మూడు డ్రాయింగులూ అక్కడికక్కడే పనికిరాకుండా పోయాయి.

యాదగిరి భార్య అండాలు నాకు కుర్చీ వేసి, తన మాట ముందే చెప్పేసింది. "స్టీలుది ఏయించుండ్రి మేడం. నడుమల అద్దాలు పెట్టి, తళతళ మెరిసేది. ఊరోళ్లందరికి చేసిపెట్టిండు. మా ఇంటికి మల్ల గా నల్ల ఇనుమేనా?"

ఇది ఇంటి ముఖానికి నప్పదని చెప్పాను. అది నిజమే. మెలికల గ్రిల్, షాబాద్ బండల పక్కన స్టీలు, అద్దం ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టుంటాయి. కానీ అసలు కారణం వేరు. అద్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో యాదగిరికి తెలియదు. ఆ మాట చెప్పనని ఆయనకు మాటిచ్చాను. కాబట్టి నప్పదన్న మాటనే మూడు రకాలుగా చెబుతూ వచ్చాను. ఆమె వినలేదు. మా మాటలు పెరుగుతుంటే యాదగిరి లేచి, నీళ్ల పీపా చూసొస్తానని వెనక్కి వెళ్లాడు.

ఆయన వెళ్లాక అండాలు గొంతు తగ్గించింది. "నాకు తెల్వదనుకుంటుండు మేడం. పక్కన చెంబు పెడితె తంతుండు. చాయ గ్లాసు ఇస్తె చెయ్యి తడుముతడు. ఆర్నెల్లయింది నేను చూడవట్టి. నేనడిగితె పరేషాన్ అయితడని అడుగుత లేను." కొంగుతో మొహం తుడుచుకుంది. "నల్ల ఇనుము ఆయనకు కనబడది. స్టీలైతె మెరుస్తది గద. మెరిస్తె కనబడ్తదని అడుగుతున్న."

ఇరవై ఆరేళ్లలో ఎందరో రెయిలింగ్ కోరారు. ఫలానాది ఎందుకు కావాలని ఎవరినైనా రెండోసారి అడిగానా అని అప్పుడు ఆలోచించుకున్నాను. ఆమె కోరిక షోకు అనుకుని పావుగంట పాఠం చెప్పాను.

ఆమెకు ఉన్న విషయం చెప్పాను. ఇల్లు పడమటి ముఖం. సాయంత్రం ఎండ స్టీలు మీద పడితే ఆ మెరుపు ఆయన కళ్లలో గుచ్చుకుంటుంది, మెట్టు ఇంకా కనబడదు. కావలసింది మెరుపు కాదు, పక్కనున్న రంగుకు గట్టిగా తేడా ఉన్న రంగు. ఆమె కాసేపు ఆలోచించి, "అట్లయితె పసుపు రంగు ఏసుండ్రి. పొద్దుగాల గడపకు పసుపు రాస్తె ఆయన గడప తన్నకుండ దాటుతుండు" అంది. కళ్ల డాక్టర్ చెప్పినా అంతకంటే స్పష్టంగా చెప్పి ఉండరు.

ఈలోగా యాదగిరి వచ్చాడు. అండాలు ఆయన వైపు తిరిగి, "మేడం నీ కండ్ల సంగతి నాకేం చెప్పలే. నాకు ముందుగాలనె తెలుసు. ఇంగ దాచకు" అంది. ఆయన వరండా అంచున కూర్చుండిపోయాడు. నేను సంచీలో టేపు వెతుకుతున్నట్టు కాసేపు తల వంచుకున్నాను. తలెత్తేసరికి ఆమె ఆయన పక్కన కూర్చుని ఉంది.

తర్వాత పని మొదలుపెట్టాం. కాగితం మీద ఒక గీతలో కలిసేవి వీధిలోంచి చూస్తే కలవవు. రెయిలింగ్ గోడకు ఐదారడుగులు ముందుంటుంది, వీధిలో మనిషి కన్ను కిందుంటుంది. అందుకని స్తంభాల మధ్య సుతిలి తాడు కట్టించాను. ఒక కొస యాదగిరి, రెండో కొస అండాలు పట్టుకున్నారు. నేను రోడ్డు అవతల నిలబడి పైకి, కిందికి అంటూ కేకలు వేశాను. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. కిటికీ గ్రిల్ కింది పట్టీతో తాడు ఒకే గీతగా కలిసిన చోట ఆపమన్నాను. టేపు పెడితే నేల నుంచి మూడడుగుల మూడంగుళాలు. ఆయన తాడు మీద అరచెయ్యి ఆనించి, "గిదే ఎత్తు మేడం. నేనైతె టేపు లేకుండనె గింతకె పెట్టేటోన్ని" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పాత పేచీ గొంతు వినబడింది.

అక్కడే గట్టు మీద కూర్చుని గీశాను. నిలువు కమ్మీలు, డిజైను ఏమీ లేదు, కిటికీ చువ్వలకున్నంతే ఎడం. వాటికి గ్రిల్‌కు వేసే ముదురాకుపచ్చ రంగే. పైన చేతికి ఇమిడే గుండ్రటి పైపుకు మాత్రం పసుపు. పైపు ఒక్కటే పసుపుగా ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుందని, కిటికీల మీది సజ్జ అంచుకూ స్తంభాల పై పట్టీకీ అదే పసుపు గీత వేయించాను. అప్పుడది ఇంటి రంగుల్లో భాగమైపోయింది. మెట్లకు రెండు వైపులా పైపు. పైనా కిందా అడుగేసి పొడుగు, పాదం మెట్టు చేరకముందే చేతికి తెలిసేలా. ఇంకొకటి యాదగిరి చెప్పాడు. పై మెట్టు మొదలయ్యే చోట పైపు అడుగున మూడు వెల్డింగ్ చుక్కలు పెట్టాలని. బయటికి కనబడవు, వేళ్లకు తగులుతాయి. చుక్కలు ఆయనే పెట్టాడు. ఆ రోజు ముసుగు పెట్టుకుని వంగి కూర్చున్న మనిషిని చూస్తే కళ్లకు జబ్బని ఎవరూ అనుకోరు.

డ్రాయింగ్ కాగితం కుడి చివర కింద చిన్న గళ్లుంటాయి. గీసినది ఎవరు, సరిచూసినది ఎవరు, ఆమోదించినది ఎవరు అని. సరిచూసినవారి గడిలో ఎప్పుడూ సూపర్‌వైజర్ పేరుండేది. నేను యాదగిరి పేరు రాశాను. సార్ ఎందుకని అడిగితే కొత్తపేట ఇంటి సంగతి, శ్రావణి సంగతి మొత్తం చెప్పాను. ఒకప్పుడు గోడకు పెట్టుకున్న డ్రాయింగ్ ఆయనకూ గుర్తుండే ఉంటుంది. ఆమోదించినవారి గడిలో సంతకం పెట్టి ఇచ్చారు.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు రెయిలింగ్ బిగించారు. గృహప్రవేశం రోజున చుట్టాలు, పిల్లలు వరండా నిండా ఉన్నారు. ఇద్దరు పిల్లలు కమ్మీలు పట్టుకుని ఎక్కబోయారు. కాలు పెట్టడానికి చోటు లేక జారి, వేరే ఆట వెతుక్కున్నారు. అది నేను రోడ్డు అవతల నిలబడి చూశాను.

యాదగిరి షెడ్డు ఇప్పుడు ఆయన పెద్దకూతురు నడుపుతోంది. కళ్ల సంగతి తెలిశాక పనులు తగ్గిన మాట నిజమే, ఆగిపోలేదు. చుక్కల మందు వల్ల ఉన్న చూపు ఇంకా నిలబడే ఉంది. తయారైన ప్రతి రెయిలింగ్‌ను ఆయన చేత్తో తడిమి చూశాకే బండి ఎక్కిస్తారు.

ఆ తర్వాత మూడేళ్లకు నేను రిటైరయ్యాను. ఆ మూడేళ్లూ ఇంటికి వెళ్లి చూడకుండా ఒక్క రెయిలింగ్ కూడా గీయలేదు. ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ ఒకసారి మెట్లు దిగి చూపించమనేదాన్ని. కొందరు నవ్వారు, ఒకరిద్దరు విసుక్కున్నారు. ఇంటి ముఖానికి ఏ రెయిలింగ్ నప్పుతుందన్నది నేర్చుకుంటే వచ్చే విద్య, రోడ్డు అవతల నిలబడితే సగం తెలుస్తుంది. దాన్ని పట్టుకునే చెయ్యి ఎవరిదో, ఆ మనిషి ఎలా దిగుతారో మాత్రం అడిగి, చూసి తెలుసుకోవలసిందే. ఇది నాకు రెయిలింగులు గీయడం మొదలుపెట్టిన ఇరవై ఆరేళ్లకు తెలిసింది. మూడేళ్లే వాడుకోగలిగాను.